మా గేదె ఎదకొచ్చిన వేసవి

ముసునూరు పక్కన మా ఊళ్ళో ఎవరింట్లోనైనా గేదె ఎదకొస్తే ఆ సంగతి వీధి చివరి దాకా తెలిసేది. "పొద్దుట్నుంచీ ఒకటే అరుపు, దున్నపోతు దగ్గరికి తోలుకెళ్ళండయ్యా" అని ఆడవాళ్ళు దొడ్డి గుమ్మంలో నిలబడి కేకేసేవాళ్ళు. ఎవరూ సిగ్గుపడేవాళ్ళు కాదు. ఎందుకు పడాలి? గేదె ఎదకు రాకపోతే చూడి కట్టదు, చూడి కట్టకపోతే ఈనదు, ఈనకపోతే పాలు లేవు. పాలు లేకపోతే ఇంట్లో పెరుగు లేదు, మజ్జిగ లేదు, పిల్లల మొహాల్లో కళ లేదు. ఊరందరికీ తెలిసిన ఈ పాటి ముక్క మా ఒక్క ఇంట్లోనే పైకి అనకూడని మాట.

మా నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. మనిషి మహా మర్యాదస్తుడు. కోపం వచ్చినా "ఏమండీ" అని మొదలుపెట్టి తిట్టే రకం. పుస్తకంలో జంతువుల ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇది మీరు ఇంటి దగ్గర చదువుకోండి" అని నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేసేవారు. అదే పాఠం గురించి నేను ఇంటి దగ్గర అడిగితే "బళ్ళో చెప్తారులే" అనేవారు. బళ్ళో చెప్పాల్సింది ఈయనే! నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంక ఎక్కడ నేర్చుకోవాలి, మామిడితోటలో చీమల్ని అడిగా?

అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. అంతకు ముందు ఏడే నేను పెద్దమనిషినైతే పందిరేసి, మైకు పెట్టి, చాట్రాయి నుంచి మా మేనత్తల్ని పిలిపించి, ఊరంతటికీ భోజనాలు పెట్టారు. సిగ్గుతో చచ్చి సగమయ్యాను. నా సంగతి మైకులో చెప్పడానికి అడ్డురాని మర్యాద గేదె సంగతి దగ్గర మాత్రం ఎందుకు అడ్డొచ్చేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ గేదె అమ్మది. దాని తల్లిని అమ్మ పెళ్ళయిన కొత్తలో మా అమ్మమ్మ తోలి పంపిందట. తల్లి పోయాక కూతురు మిగిలింది. అమ్మ దాన్నీ "అమ్మాయ్" అనే పిలిచేది, నన్నూ "అమ్మాయ్" అనే పిలిచేది. ఒక్కోసారి ఇద్దరం తలెత్తి చూసేవాళ్ళం. అది నల్లగా నిగనిగలాడుతూ, కొమ్ములు చక్కగా మెలితిరిగి ఉండేది. అమ్మ పిలిస్తే వచ్చేది. నేను పిలిస్తే మాత్రం రాదు, పొగరు.

రెండు ఈతలు బాగానే ఈనింది. ఆ తర్వాత పాలు తగ్గిపోయి వట్టిపోయింది. మళ్ళీ చూడి కట్టలేదు. ఏడాది గడిచింది, ఇంకో ఆర్నెల్లు గడిచాయి. నాన్న ఒకరోజు భోజనం చేస్తూ, తల ఎత్తకుండానే చెప్పారు. "ఊరికే మేపడం ఎందుకు? మామిడికాయల సీజన్ అయిపోయాక బేరగాడు వస్తానన్నాడు. ఇచ్చేద్దాం. మాటిచ్చేశాను."

బేరగాడంటే వట్టిపోయిన గొడ్లను కొని ఊరూరూ తిరుగుతూ తోలుకుపోయే ఆయన. తోలుకుపోయి ఏం చేస్తాడో అందరికీ తెలుసు. మా ఇంట్లో అదీ పైకి అనరు. మర్నాటి నుంచి అమ్మ బయట నుంచి పోయించుకుంటున్న పాలతో కాఫీ తాగడం మానేసింది. ఎందుకమ్మా అంటే "తలనొప్పిగా ఉంది" అంది. కాఫీ తాగకపోతే తలనొప్పి వస్తుంది గానీ, తలనొప్పి వచ్చిందని కాఫీ మానేసేవాళ్ళని నేనెక్కడా చూడలేదు.

అసలు చిక్కంతా ఎక్కడుందంటే, వేసవిలో గేదెలు ఎదకొచ్చినా అరవవు. మూగ ఎద అంటారు. మేత సరిగ్గా తినదు, ఊరికే తోక ఎత్తుతుంది, మాటిమాటికీ కాస్త కాస్త ఉచ్చ పోస్తుంది, వెనకాల సన్నటి జిగురు తీగ వేలాడుతుంది. అంతే గుర్తు. కనిపెట్టి చూసేవాళ్ళకే కనబడుతుంది. అదీ ఒక్క పూట. ఆ పూట దాటితే మళ్ళీ మూడు వారాలు ఆగాలి. అమ్మ కళ్ళు ఎప్పుడూ దాని మీదే ఉండేవి కాబట్టి తనకి తెలిసిపోయేది. తెలిశాక నాన్నకి చెప్పాలి కదా, అక్కడొచ్చింది తంటా.

సాయంత్రాలు మా అరుగు మీద పదో తరగతి పిల్లలకి ట్యూషను. మగపిల్లలు ఏడెనిమిది మంది. వాళ్ళ ముందు అమ్మ వచ్చి "గేదె ఎదకొచ్చిందండీ" అనడమా! అంతకంటే నూతిలో దూకడం నయం అన్నట్టుండేది ఆమె వాలకం. అందుకని వాళ్ళిద్దరి మధ్యా ఒక ఏర్పాటు ఉంది. అమ్మ ఇత్తడి చెంబు తెచ్చి గడప పక్కన బోర్లించి పెట్టేది. నాన్న అది చూసి, ట్యూషను తొందరగా ముగించి, గేదెను తోలుకెళ్ళడానికి మనిషిని పురమాయించేవారు. ఒక్క మాట లేకుండా పని జరిగిపోయేది. ఏళ్ళ తరబడి అట్టాగే జరిగింది.

ఆ ఏడు పరీక్షల ముందు ఒక సాయంత్రం అమ్మ చెంబు బోర్లించి లోపలికొచ్చింది. కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ట్యూషను పిల్లల్లో ఒక బుద్ధిమంతుడు, మాస్టారి గడప దగ్గర చెంబు బోర్లా పడిందనుకుని, లేచి వెళ్ళి, దాన్ని శుభ్రంగా కడిగి, నూతి నీళ్ళు నింపి, రెండు చేతులతో మా నాన్నకి అందించాడు. నాన్న "మంచిది నాయనా" అని గటగటా తాగేశారు. కిటికీ వెనక అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకర్థం కాలేదు. నేను మాత్రం పడీపడీ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది, ఎందుకంటే పిల్లలు వెళ్ళేసరికి చీకటి పడి, ఆ పూట అట్టా పోయింది.

మూడు వారాల తర్వాత మళ్ళీ చెంబు బోర్లించింది. ఈసారి నాన్న చూశారు. కానీ ఆ వేళకి వాళ్ళ హెడ్మాస్టారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆయన రసాలు గొప్పవా బంగినపల్లి గొప్పదా అన్న చర్చ మొదలుపెడితే లేవరు. పెద్దాయన్ని కూర్చోబెట్టి, గేదె పని ఉందని ఎట్టా లేస్తారు? లేవలేదు. మర్నాడు మధ్యాహ్నం పశువుల ఆసుపత్రికి తోలిస్తే "నిన్న తేవాల్సింది, దాటిపోయింది" అని తిప్పి పంపేశారు. అమ్మ ఆ రోజు గిన్నెలు తోముతూ ఒక్కో గిన్నెనీ ఎంత గట్టిగా పెట్టిందంటే, పక్కింటావిడ "ఏంటి వదినా, ఏం పడింది?" అని గోడ మీంచి చూసింది.

ఇక మిగిలింది ఒక్కటే. మే నెలలో మళ్ళీ ఎదకొస్తే ఆ పూట చేజారకూడదు. జూన్‌లో బేరగాడు వచ్చేస్తాడు.

మే నెల మా వైపు ఎట్టా ఉండేదో చెప్పాలంటే నాకు నోరూరుతుంది. ఊరి గాలే తియ్యగా ఉండేది. తోటల్లోంచి బళ్ళు, ట్రాక్టర్లు, నూజివీడు రోడ్డు మీద లారీలు, అన్నిట్లోనూ కాయలే. వరిగడ్డి పరిచి మాగేసిన చిన్న రసాల వాసన ప్రతి ఇంటి గదిలోనూ. పిల్లల మోచేతుల దాకా రసం కారేది, ఈగలు వెంటపడేవి. మగాళ్ళందరూ కోతల్లో ఉండేవాళ్ళు. సరిగ్గా అప్పుడే, నాన్న పదో తరగతి పేపర్లు దిద్దడానికి బెజవాడ వెళ్ళి ఉన్నప్పుడు, ఒకరోజు పొద్దున్నే గేదె మేత ముట్టలేదు.

అమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. వెనక్కి వెళ్ళి చూసింది. చెంబు కోసం చెయ్యి వెళ్ళిందనుకుంటా, ఆగింది. ఎవరికి బోర్లిస్తుంది? ఇంట్లో చూసేవాళ్ళు లేరు. తోలడానికి మనిషీ లేడు. కాసేపు దొడ్లో నిలబడి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, "అమ్మాయ్, పద" అంది. ఈసారి పిలిచింది నన్నే.

పశువుల ఆసుపత్రి పక్క ఊళ్ళో, రెండు మైళ్ళు. అమ్మ పలుపు పట్టుకుని ముందు, నేను కర్ర పట్టుకుని వెనక. దారిలో బళ్ళవాళ్ళు ఆపి మరీ అడిగారు. "ఏంటమ్మా, మాస్టారి గారి ఆడవాళ్ళు గేదెను తోలుకెళ్తున్నారు? ఎక్కడికి?" అమ్మ కొంగు మొహానికి లాక్కుంది. నాకు అరికాళ్ళు కాలుతున్నాయి, చిరాకు నెత్తికెక్కింది. "ఎదకొచ్చింది, సూది వేయించడానికి!" అని గట్టిగా అరిచాను. బండి మీదాయన మామూలుగా తల ఊపి, "మంచిది, తొందరగా వెళ్ళండి" అన్నాడు. అంతే! ఆకాశం ఊడిపడలేదు. అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

తీరా వెళ్ళాక డాక్టరు గారు "పొద్దున ఎదకొచ్చినదానికి సాయంత్రం వెయ్యాలమ్మా, అప్పుడే నిలుస్తుంది. ఇంటికెళ్ళి సాయంత్రం తీసుకురండి" అన్నారు. ఆ ఎండలో వెళ్ళి మళ్ళీ రావడమా? "ఇక్కడే ఉంటామండీ" అంది అమ్మ. ఆసుపత్రి వెనక ఒక కలెక్టరు రకం మామిడిచెట్టు కింద గేదెను కట్టేసి, బోరింగు కొట్టి దాని మీద నీళ్ళు పోసి, మేమూ దాని పక్కనే కూర్చున్నాం. ఎదురు తోట కాపలా ఆవిడ మాకు నాలుగు రసాలు తెచ్చిచ్చింది. అవే భోజనం.

నా జీవితంలో అమ్మతో అంతసేపు ఏ పనీ లేకుండా కూర్చున్న రోజు అంతకు ముందు లేదు. నేను ఊరుకోకుండా అడిగాను. సూది అంటే ఏంటి, ఎక్కడ వేస్తారు, దాంతో దూడ ఎట్టా పుడుతుంది. అమ్మ టెంక చీకడం ఆపి అటూ ఇటూ చూసింది. చెట్టు కింద మేమిద్దరం, గేదె తప్ప ఎవరూ లేరు. అప్పుడు చెప్పింది. మగదాని విత్తనం, ఆడదాని గుడ్డు, రెండూ కలిసే వేళ, సంచిలో పది నెలలు. నాన్న తిప్పేసిన నాలుగు పేజీలూ మామిడి రసం అంటిన వేళ్ళతో నేల మీద గీతలు గీసి చెప్పింది. "నాకిదంతా ఎవరూ చెప్పలేదే. పెళ్ళయ్యాక నువ్వు కడుపులో పడితే, వాంతులవుతుంటే, పైత్యం అనుకుని మూడు నెలలు అల్లం రసం తాగాను. మా అమ్మ వచ్చి చూసి తల కొట్టుకుంది" అంది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వి నవ్వి అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ మధ్యాహ్నం మళ్ళీ ఒక్కసారి వస్తే బాగుండు అని ఇప్పటికీ అనుకుంటాను.

సాయంత్రం గేదెను కర్రల బోనులో నిలబెట్టారు. కాంపౌండరు మూత తీస్తే పొగలు కక్కే డబ్బాలోంచి, దున్నపోతు విత్తనం నింపిన సన్నటి గొట్టం తీశాడు. సూదీ కాదు, మందూ కాదు, జనం ఊరికే సూది అంటారంతే. రెండు నిమిషాల్లో అయిపోయింది. అమ్మ ఈసారి మొహం తిప్పుకోలేదు.

నాన్న బెజవాడ నుంచి వచ్చాక సంగతి విన్నారు. "మాటయితే ఇచ్చేశాను కదా" అన్నారు.

ఇరవయ్యొకటో రోజు కోసం అమ్మ ఎట్టా కాచుకుందో చెప్పలేను. చూడి నిలవకపోతే ఆ రోజుకి మళ్ళీ ఎదకొస్తుంది, పొర్లింది అంటారు. ఆ రోజూ, ముందు రెండు రోజులూ, వెనక రెండు రోజులూ అమ్మ దొడ్లోనే ఉంది. అన్నం కూడా అక్కడే తింది. గేదె పొర్లలేదు. చక్కగా మేత తిని, నెమరేసుకుంటూ మమ్మల్ని పట్టించుకోలేదు.

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే బేరగాడు దిగాడు. సాయంత్రం వేళ. అరుగు మీద ట్యూషను నడుస్తోంది. "మాస్టారూ, తోలుకెళ్ళనాండీ?" అన్నాడు. నాన్న పుస్తకంలోంచి తలెత్తి, "ఆ, దొడ్లో ఉంది" అన్నారు.

తలుపు తెరుచుకుంది. అమ్మ ఎప్పుడూ తలుపు చాటు నుంచి మాట్లాడే మనిషి. గడప దాటి అరుగు మీదికొచ్చి నిలబడింది. "ఆగండి. నేను ఎద చూసి సూది వేయించాను. నెల కావస్తోంది, మళ్ళీ పొర్లలేదు. అది చూడితో ఉంది. నేనివ్వను."

పిల్లల పెన్నులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. బేరగాడు పాపం నెమ్మదస్తుడే. "అమ్మగారూ, ఎండల్లో మూగ ఎద ఉంటుందండీ. పొర్లినా మనకి కనబడదు. ఈ ఆశ మంచిది కాదండీ" అన్నాడు.

"నాకు కనబడుతుంది" అంది అమ్మ. "రెండు నెలలు నిండాక డాక్టరు చెయ్యి పెట్టి చూస్తారు. లేదంటే నేనే పలుపు విప్పి మీ చేతిలో పెడతాను. మళ్ళీ ఒక్క మాట మాట్లాడను."

బేరగాడు నాన్న వంక చూశాడు. నాన్న ఎవరి వంకా చూడలేదు. చివరికి బేరగాడే "సరేనండీ, మళ్ళీ వస్తా" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి నాన్న అమ్మతో మాట్లాడటం మానేశారు. శిష్యుల ముందు, బేరగాడి ముందు ఆ మాటలన్నీ అనేసింది కదా! పైగా ఇచ్చిన మాట పోయింది. ఏం కావాలన్నా నాకే చెప్పేవారు. "అమ్మాయ్, చారు పొయ్యమను." అమ్మ ఎదురుగానే గరిటె పట్టుకుని నిలబడి ఉండేది. నేను "అమ్మా, చారు పొయ్యి" అనాలి. నెల రోజులు ఈ రాయబారం చేశాను. నవ్వులాటగా చెప్తున్నా గానీ అప్పుడు నాకు భయంగా ఉండేది. చూడి లేదంటే గేదె పోతుంది, అది ఒకటి. అమ్మ నోరు తెరిచిన ఒక్కసారీ తప్పయిపోతుంది, ఇక జన్మలో తెరవదు. అది ఇంకా పెద్ద భయం. పడుకునే ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుని, "స్వామీ, గేదెకి కడుపు నిలబెట్టు" అని మొక్కుకున్న ఆడపిల్లని బహుశా నేనొక్కదాన్నే.

రెండు నెలలు నిండేసరికి వానలు ముదిరాయి. ఆ రోజు నాన్న ఎవరూ అడక్కుండానే బడికి పూటసెలవు పెట్టి, గొడుగేసుకుని మాతో బయలుదేరారు. మాతో అంటే, పది అడుగులు ముందు.

డాక్టరు గారు భుజం దాకా ఉండే రబ్బరు తొడుగు వేసుకుంటూ "సూది వేసి ఎన్నాళ్ళయింది మాస్టారూ?" అని నాన్నని అడిగారు. నాన్నకి తెలియదు. అమ్మ వైపు చూశారు. నెల రోజుల్లో అదే మొదటి చూపు. "రేపటికి రెండు నెలలండీ. పొద్దున ఎదకొచ్చింది, సాయంత్రం వేశారు" అంది అమ్మ, తడబడకుండా.

డాక్టరు గారు చెయ్యి లోపల పెట్టి, కళ్ళు సగం మూసుకున్నారు. అటు తడిమారు, ఇటు తడిమారు. ఎంతసేపు! నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఒకసారి పెదవి విరిచారు. మళ్ళీ ఇంకాస్త లోపలికి వెతికి, చెయ్యి బయటికి తీసి, తొడుగు విప్పుతూ అన్నారు. "చూడేనమ్మా. బ్రహ్మాండంగా ఉంది."

అమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాన్న రెండడుగులు దగ్గరికొచ్చి, గొడుగు ఆమె మీదికి వంచి, "లే, చీరంతా బురదయింది" అన్నారు.

మార్చి నెలలో, మామిడి పిందెలు గోళీకాయలంత అయినప్పుడు, ఒక ఆదివారం పొద్దున్న ఈనింది. ముందు నీటిసంచి, తర్వాత రెండు కాళ్ళు, వాటి మీద ఆనించిన ముక్కు. అక్కడ ఆగిపోయింది. నాన్న దొడ్డి గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నారు. "ఏవండీ, ఇట్టా వచ్చి ఈ కాళ్ళు పట్టుకోండి!" అని అమ్మ ఒక్క కేక వేసింది. సైన్సు మాస్టారు పంచె ఎగ్గట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, జారిపోతున్న కాళ్ళని గడ్డితో తుడిచి పట్టుకుని లాగారు. పెయ్యదూడ ఆయన ఒళ్ళోనే పడింది. గేదె వెనక్కి తిరిగి దూడనీ, దూడతో పాటు నాన్న చేతుల్నీ నాకింది.

మూడో రోజు అమ్మ జున్ను వండింది. బెల్లం, మిరియాలు, యాలకుల వాసన వీధంతా. ఇంటింటికీ గిన్నెలు పంచొచ్చాను. బేరగాడికి కబురు పెట్టమన్నది మాత్రం నాన్నే. ఆయన వచ్చి అరుగు మీద నాన్న పక్కన కూర్చుని, ఒక ముక్క నోట్లో పెట్టుకుని దొడ్డి వైపు చూశాడు.

"మాస్టారూ" అన్నాడు. "అమ్మగారు ఆ రోజు బయటికొచ్చి ఆ మాట అనకపోతే, నా చేతుల మీదుగా రెండు ప్రాణాలు పోయేవండీ. కడుపుతో ఉన్నదాన్ని తోలుకెళ్ళి ఇచ్చేసేవాణ్ణి. నాకెట్టా తెలుస్తుంది?"

నాన్న తింటున్న చెయ్యి ఆగింది. ట్యూషను పిల్లలందరూ జున్ను గిన్నెలతో వరసగా కూర్చుని ఉన్నారు. అమ్మ గడప బయట నిలబడి, వాళ్ళకి మారు వడ్డిస్తోంది.

"ఈసారి ఎదకొస్తే ఆ పూటే కేకేస్తాను" అంది, గరిటె ఆపకుండానే.

నాన్న గిన్నె కింద పెట్టారు. పిల్లల వంక చూశారు, అమ్మ వంక చూశారు.

"వెయ్యి. నేను బళ్ళో ఉన్నా సరే, అక్కడికి వినబడేట్టు వెయ్యి" అన్నారు.